కింగ్‌స్టన్ డబ్ మళ్లీ గాడిలో పడేదెలా?

1994లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నుంచి ‘బ్లడ్ అండ్ ఫైర్’ అనే చిన్న రికార్డు కంపెనీ ‘డబ్ గాన్ క్రేజీ’ అనే సంకలనాన్ని విడుదల చేసింది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, కింగ్ టబ్బీ అనే ఇంజనీరు స్టూడియోలో 1975 నుంచి 1979 దాకా తయారైన డబ్ సంగీతం అందులో ఉంది. పాటల నిర్మాత బన్నీ లీ. మిక్సింగ్ బోర్డు ముందు కూర్చున్నవాళ్లు టబ్బీ, ఆయన దగ్గర పనిచేసిన ఫిలిప్ స్మార్ట్, ప్రిన్స్ జామీ, సైంటిస్ట్. ఈ తరహా సంగీతం అంతకుముందు ఎక్కువగా చిన్న 45 ఆర్‌పీఎం రికార్డుల వెనకవైపున, కొద్దిపాటి ప్రతుల్లో వచ్చి, కొన్నాళ్లకు దొరక్కుండా పోయేది. అలాంటిది వివరాలతో సహా ఒకచోట చేరి మళ్లీ శ్రోతల చేతికందింది. అప్పటి నుంచి పాత రెగే, డబ్ రికార్డుల పునర్ముద్రణ ఒక ప్రత్యేక రంగంగానే ఎదిగింది.

పాత పాటను మళ్లీ అచ్చువేయడానికి టేపు ఉంటే చాలదా అనిపించవచ్చు. డబ్ విషయంలో చాలదు. మామూలుగా మనుషులు వాయిస్తారు, యంత్రం దాన్ని నమోదు చేస్తుంది. డబ్‌లో వాయిద్యకారుల పని ముగిశాక యంత్రాల పని మొదలవుతుంది. టేపు, స్ప్రింగు, ఫిల్టరు, చివరికి రికార్డు మీది గాడి కూడా ఇక్కడ వాయిద్యాలే. వాటి భౌతికశాస్త్రం అర్థమైతే ఆ సంగీతం అలా ఎందుకు వినిపిస్తుందో తెలుస్తుంది. దాన్ని మళ్లీ వినైల్ మీదికి ఎక్కించడం ఎంత ఓపిక, ఎంత నైపుణ్యం కావలసిన పనో కూడా తెలుస్తుంది.

గొంతు తీసేసిన పాట

1950ల నుంచే కింగ్‌స్టన్ బస్తీల్లో జనం పాట వినే చోటు సౌండ్ సిస్టమ్. ఖాళీ స్థలంలో మనిషెత్తు స్పీకర్ పెట్టెలు నిలబెట్టి, రాత్రంతా రికార్డులు వేసేవారు. అవతలివాళ్ల దగ్గర లేని పాట ఎవరి దగ్గరుంటే జనం అక్కడికే పోయేవారు. అందుకని సిస్టమ్ యజమానులు స్టూడియోలకు వెళ్లి తమ ఒక్కరి కోసమే డబ్‌ప్లేట్ కోయించుకునేవారు. డబ్‌ప్లేట్ అంటే అల్యూమినియం పళ్లెం మీద నైట్రోసెల్యులోజ్ లాకర్ పూత పూసిన మెత్తటి రికార్డు. ఇలాంటి పూత పెళుసెక్కకుండా ఆముదం కలపడం కూడా ఉండేది. కొన్ని పదుల సార్లు వేసేసరికే సూది దాని గాడిని అరగదీసేది.

1960ల చివర్లో స్పానిష్ టౌన్‌కు చెందిన సౌండ్ సిస్టమ్ యజమాని రడీ రెడ్‌వుడ్ ఇలాగే ఒక డబ్‌ప్లేట్ కోసం డ్యూక్ రీడ్‌ గారి ట్రెజర్ ఐల్ స్టూడియోకు వెళ్లారు. పారగాన్స్ బృందం పాడిన ‘ఆన్ ద బీచ్’ను కోసేటప్పుడు ఇంజనీరు బైరన్ స్మిత్ గొంతు ట్రాకు తెరవలేదు. వాద్యాలు మాత్రమే రికార్డుకెక్కాయి. రెడ్‌వుడ్ ఆ ప్రతిని నాట్యాల రాత్రి మామూలు పాటతో పాటు వేస్తే, జనం మాటలు తామే అందుకుని పాడారు. నిర్మాతలకు ఇందులో ఇంకో లాభమూ కనిపించింది: రికార్డు వెనకవైపుకు వేరే పాట చేయించే ఖర్చు తప్పుతుంది. కొద్ది కాలంలోనే జమైకా 45ల వెనకవైపున ‘వెర్షన్’ అని అచ్చువేయడం మామూలైపోయింది. యూ-రాయ్ లాంటి డీజేలు ఆ ఖాళీల్లో తమ మాటలు పేర్చి కొత్త పాటలే కట్టారు.

ఆ రోజుల్లో డ్యూక్ రీడ్ దగ్గర డిస్కులు కోసిన వ్యక్తి ఓస్బర్న్ రడక్. 1941లో పుట్టారు. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేయడం, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం ఆయన వృత్తి. ‘టబ్బీస్ హోమ్‌టౌన్ హై-ఫై’ పేరుతో సొంత సౌండ్ సిస్టమ్ కూడా నడిపారు. లోకానికి ఆయన కింగ్ టబ్బీ. గొంతు తీసేస్తేనే పాటలో ఇంత చోటు వస్తే, డ్రమ్ములు తీస్తే ఏమవుతుంది? బాస్ ఒక్కటే ఉంచితే? గొంతులో ఒక్క ముక్క వదిలి, అది వినిపిస్తూ వినిపిస్తూ కరిగిపోయేలా చేస్తే? ఈ ప్రశ్నలకు జవాబులు ఆయన వాటర్‌హౌస్ ప్రాంతంలో, 18 డ్రోమిలీ అవెన్యూలోని చిన్న స్టూడియోలో వెతికారు.

నాలుగు ట్రాకులు, రెండు చేతులు

బృందమంతా కూర్చుని వాయించడానికి అక్కడ చోటు లేదు. గొంతు రికార్డు చేసే గది ఒకప్పటి స్నానాల గది. వాద్యాలు వేరే స్టూడియోల్లో రికార్డై, టేపులు మాత్రం ఇక్కడికి వచ్చేవి. బన్నీ లీ పాటలకు వాయించిన బృందం పేరు ‘అగ్రవేటర్స్’. బాస్ మీద రాబీ షేక్‌స్పియర్, డ్రమ్ముల మీద కార్ల్‌టన్ ‘శాంటా’ డేవిస్ లాంటివాళ్లు అందులో ఉండేవారు. టేపు మీద నాలుగు ట్రాకులు. ఒకదాంట్లో డ్రమ్ములు, ఇంకోదాంట్లో బాస్, మూడోదాంట్లో గిటారు, కీబోర్డు, బాకాలు కలిపి, నాలుగోదాంట్లో గొంతు.

డైనమిక్ సౌండ్స్ స్టూడియో పక్కన పెట్టిన ఎంసీఐ మిక్సింగ్ బోర్డును టబ్బీ 1970ల తొలి ఏళ్లలో కొన్నారు. దాని ఫేడర్లు, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీటలు, నున్నగా జరిగేవి. ట్రాకును టక్కున ఆపవచ్చు, లేదా వేలితో మెల్లగా దించవచ్చు, ఎక్కించవచ్చు. నాలుగే ట్రాకులు కాబట్టి అన్నీ రెండు చేతులకు అందేవి. టేపు తిరుగుతుండగా, అప్పటికప్పుడు తోచినట్టు మిక్స్ చేసేవారు. అదే టేపును రెండోసారి నడిపితే ఇంకో డబ్ వస్తుంది. మొదటిది తిరిగి రాదు.

పునర్ముద్రణ చేసేవాళ్లకు ఇక్కడే మొదటి చిక్కు. వాద్యాలున్న నాలుగు ట్రాకుల టేపు దొరికినా దాన్నుంచి ఆనాటి డబ్‌ను మళ్లీ తయారు చేయలేం. ఫేడర్లు ఎప్పుడు జరిగాయో, ఏ దెబ్బ దగ్గర ప్రతిధ్వని తెరుచుకుందో ఆ టేపులో ఉండదు. మిక్స్ నేరుగా పడిన మాస్టర్ టేపు కావాలి. అదీ లేకపోతే, దాన్నుంచి అచ్చైన రికార్డు కావాలి.

టేపులో పుట్టే ప్రతిధ్వని

డబ్ వినగానే అందరికీ ముందు పట్టేది ప్రతిధ్వని. గిటారు ఒక్కసారి మోగుతుంది. ఆ శబ్దం మళ్లీ మళ్లీ వస్తూ దూరమవుతుంది. ఇది కొండల్లోంచి వచ్చినది కాదు, రెండు అయస్కాంత హెడ్ల మధ్య దూరంలోంచి వచ్చింది.

టేపు రికార్డరులో శబ్దాన్ని రాసే హెడ్ ఒకటి, చదివే హెడ్ ఇంకొకటి. రాసిన చోటి నుంచి చదివే చోటికి టేపు చేరడానికి కొంత సమయం పడుతుంది. వృత్తిపరమైన యంత్రాల్లో టేపు వేగం సెకనుకు 38 సెంటీమీటర్లు. హెడ్ల మధ్య 5 సెంటీమీటర్లుంటే ఆలస్యం 0.13 సెకన్లు. ఇప్పుడు రెగే నడకను చూద్దాం. నిమిషానికి 75 దెబ్బలనుకుంటే ఒక్కో దెబ్బకు 0.8 సెకన్లు. ప్రతిధ్వని సరిగ్గా సగం దెబ్బ మీద పడాలంటే 0.4 సెకన్ల ఆలస్యం కావాలి. అంటే అదే యంత్రంలో టేపు వేగాన్ని సెకనుకు 12.5 సెంటీమీటర్లకు తగ్గించాలి. మోటారు వేగాన్ని అటూ ఇటూ మారుస్తూ ప్రతిధ్వనిని తాళంలోకి తెచ్చుకోవడం ఇంజనీరు చెవికీ చేతికీ తెలిసిన విద్య.

చదివిన శబ్దంలో కొంత భాగాన్ని తిరిగి రాసే హెడ్‌కు పంపితే రెండో ప్రతిధ్వని వస్తుంది, దాన్నుంచి మూడోది. ప్రతిసారీ 70 శాతం వెనక్కి పంపారనుకోండి. ఏడో సారికి శబ్దం తొలి బలంలో 8 శాతమే మిగులుతుంది. ఈ పాలు నూటికి నూరు దాటితే మాత్రం ప్రతిధ్వని తగ్గకపోగా పెరిగిపోతుంది, చివరికి యంత్రమే హోరెత్తిపోతుంది. టబ్బీ, వాషింగ్టన్ గార్డెన్స్‌లో ‘బ్లాక్ ఆర్క్’ స్టూడియో నడిపిన లీ ‘స్క్రాచ్’ పెర్రీ లాంటివాళ్లు ఈ అంచు మీదే ఆడుకున్నారు. హోరు మొదలవుతుండగా నాబ్ వెనక్కి తిప్పేవారు. పెర్రీ వాడిన రోలాండ్ స్పేస్ ఎకో అనే టేపు ప్రతిధ్వని యంత్రం 1974లో మార్కెట్‌లోకి వచ్చింది. అందులో చదివే హెడ్లు మూడు.

టేపు ప్రతిధ్వని చెవికి ఇంత హాయిగా ఉండటానికి కారణం దాని లోపమే. ఒక్కో చుట్టుకు టేపు పై పౌనఃపున్యాలను కొంచెం కొంచెం పోగొడుతుంది. గాలి కూడా అదే చేస్తుంది: దూరం నుంచి వచ్చే శబ్దంలో సన్నటి ధ్వనులు ముందు తగ్గిపోతాయి. అందుకే మెరుపు తగ్గుతూ వచ్చే ప్రతిధ్వనిని మన మెదడు ‘దూరం’గా చదువుకుంటుంది. చిన్న గదిలో మిక్స్ అయిన పాటలో విశాలమైన మైదానం వినిపించడం వెనక రహస్యం ఇదే.

స్ప్రింగులో ఉరుము, నాబ్‌లో గాలి

డబ్‌లో అప్పుడప్పుడు ఉరుము లాంటి మోత పడుతుంది. అది స్ప్రింగ్ రివర్బ్. టబ్బీ దగ్గర ఫిషర్ కంపెనీ తయారు చేసిన యూనిట్ ఉండేది. దాన్ని ఆయన తన అవసరానికి మార్చుకున్నారు. అందులో లోహపు స్ప్రింగును రెండు చివర్లా బిగిస్తారు. ఒక చివర విద్యుత్ సంకేతం చిన్న అయస్కాంతాన్ని కదిలిస్తుంది. ఆ కదలిక తరంగమై స్ప్రింగు వెంట పోయి, రెండో చివర మళ్లీ సంకేతంగా మారుతుంది. కొంత భాగం చివర్లకు తగిలి వెనక్కీ ముందుకీ తిరుగుతూనే ఉంటుంది. గదిలో గోడల మధ్య శబ్దం తిరిగినట్టు అనిపిస్తుంది.

గదికీ స్ప్రింగుకీ ఒక పెద్ద తేడా ఉంది. గాలిలో అన్ని పౌనఃపున్యాలూ దాదాపు ఒకే వేగంతో పోతాయి. చుట్టలు చుట్టిన స్ప్రింగులో అలా కాదు. వినిపించే శబ్దాల్లో చాలా మేరకు, తక్కువ పౌనఃపున్యాలు ముందు చేరతాయి, ఎక్కువవి వెనక పడతాయి. దాంతో ఒక్క డ్రమ్ దెబ్బ అవతలి చివరికి చేరేసరికి సాగిపోయి, ‘ట్యూఁ’ అని జారే చిన్న కూతలా మారుతుంది. ఆ కూతే డబ్ చిరునామా. యూనిట్‌ను చేత్తో గట్టిగా కొడితే స్ప్రింగులు ఒకదానికొకటి తగిలి ఉరుము పుడుతుంది. వాయిద్యం లేకుండా, పాటతో సంబంధం లేకుండా పుట్టిన ఆ శబ్దాన్ని టబ్బీ తాళంలో కూర్చారు.

ఆయన బోర్డుకున్న పెద్ద నాబ్ ఇంకా ప్రసిద్ధం. అది హై-పాస్ ఫిల్టరు. తిప్పే కొద్దీ 70 హెర్ట్జ్ నుంచి 7,500 హెర్ట్జ్ దాకా మెట్టు మెట్టుగా హద్దు పైకి జరుగుతుంది. ఆ హద్దుకు కింది శబ్దం తెగిపోతుంది. డ్రమ్ముల ట్రాకు మీద ఈ నాబ్ తిప్పినప్పుడు ఏమవుతుందో వినండి. మొదట కిక్ డ్రమ్ బరువు పోతుంది. తర్వాత స్నేర్ పొట్ట పోయి ‘ఛట్’ మాత్రమే మిగులుతుంది. చివరికి తాళాల ‘స్స్’ తప్ప ఏమీ ఉండదు. ఆ కాలంలో శాంటా డేవిస్ వాయించిన తెరిచిన హై-హ్యాట్ ఈ ఫిల్టరుకు సరిగ్గా సరిపోయింది. నాబ్ వెనక్కి తిరగ్గానే బరువంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. ఆ ఎంసీఐ బోర్డు ఇప్పుడు అమెరికాలోని సియాటిల్‌లో ఒక మ్యూజియంలో ఉంది.

కడుపుకు తగిలే బాస్

బాస్ గిటారులో అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దాని తరంగదైర్ఘ్యం గాలిలో 8 మీటర్లకు పైనే. అంత పొడవైన తరంగానికి మనుషులు, చెట్లు, గోడ మూలలు పెద్ద అడ్డం కావు. చుట్టూ వంగి ముందుకు పోతుంది. కింగ్‌స్టన్ వీధి మొదట్లో ఉన్నవాళ్లకు పాట కన్నా ముందు బాస్ చేరేది అందుకే.

కానీ మన చెవి బాస్‌ను అంత సులువుగా పట్టించుకోదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఇప్పటి ప్రమాణాల ప్రకారం 1,000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్ ధ్వని ఎంత గట్టిగా వినిపిస్తుందో, 50 హెర్ట్జ్ దగ్గర అంత గట్టిగా వినిపించాలంటే దాదాపు 78 డెసిబెల్స్ కావాలి. శక్తిలో అది వేల రెట్లు. శబ్దం పెంచేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. అందుకే ఇంట్లో చిన్న స్పీకర్లో పలచగా ఉన్న పాట, పెద్ద ఆంప్లిఫయర్ మీద నిండుగా మారిపోతుంది; ఇంకా పెంచితే ఛాతీకి, కడుపుకు కూడా తగులుతుంది. డబ్ మిక్స్ చేసినవాళ్ల మనసులో ఉన్నది ఆ పెద్ద పెట్టెలే. పునర్ముద్రణలో బాస్ కాస్త తగ్గినా, ఇంట్లో వినేవాడికి చేరేది సగం సంగీతమే.

టేపుకు వచ్చే జబ్బులు

మాస్టర్ టేపు దొరికిందనుకుందాం. అది చాలా అదృష్టం. జమైకాలో టేపు ఖరీదైన వస్తువు. పాత రికార్డింగు చెరిపి దాని మీదే కొత్తది చేయడం మామూలు. మిగిలిన వాటికి వేడి, తేమ శత్రువులు.

టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ పొడి. ఆ పొడిని పట్టి ఉంచేది బైండర్ అనే జిగురు. 1970ల నడిమి నుంచి వచ్చిన కొన్ని టేపుల్లో ఈ బైండర్ పాలీయురేథేన్‌తో చేసినది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీటి అణువులు దాని గొలుసులను తెంచేస్తాయి. ఈ జలవిశ్లేషణ వల్ల టేపు బంకబంకగా అవుతుంది. యంత్రంలో పెడితే కీచుమంటుంది, హెడ్లకు అంటుకుంటుంది, ఆక్సైడ్ ఊడివస్తుంది. ఊడిన పొడితో పాటు పాట కూడా పోతుంది. దీనికి నిపుణులు చేసే చికిత్స వేడి చేయడం: 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నియంత్రిత యంత్రంలో, గంటల తరబడి. తేమ పోయి బైండర్ కొన్నాళ్లు గట్టిపడుతుంది. ఆ వ్యవధిలోనే టేపును నడిపి డిజిటల్ ప్రతి తీసుకోవాలి. అన్ని టేపులకూ ఈ చికిత్స పనికిరాదు. మన ఇళ్లలో హరికథలు, పెళ్లి పాటలు, పెద్దవాళ్ల మాటలు ఉన్న పాత స్పూలు టేపులకు కూడా ఇదే వర్తిస్తుంది: బంక కడుతున్న టేపును నడిపి చూడకండి, వంటింటి ఓవెన్‌లో అసలు పెట్టకండి, తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి.

టేపు బాగున్నా హెడ్ కోణం కుదరాలి. సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంలో 15,000 హెర్ట్జ్ ధ్వని టేపు మీద ఆక్రమించే పొడవు 25 మైక్రాన్లు. టేపు వెడల్పు 6.3 మిల్లీమీటర్లు. ఆనాడు రాసిన హెడ్ కోణానికీ ఈనాడు చదివే హెడ్ కోణానికీ ఒక డిగ్రీలో పదోవంతు తేడా ఉంటే, మోనో టేపు పై అంచుకూ కింది అంచుకూ మధ్య 11 మైక్రాన్ల జారుడు వస్తుంది. ఆ పౌనఃపున్యం దగ్గర శక్తి సుమారు సగానికి పడిపోతుంది. అంటే టబ్బీ నాబ్ తిప్పి మిగిల్చిన ఆ ‘స్స్’ మసకబారుతుంది. అందుకే మంచి ఇంజనీరు ప్రతి టేపుకూ, అవసరమైతే టేపులోని ప్రతి పాటకూ, హెడ్‌ను మళ్లీ సరిచేస్తాడు.

టేపే లేకపోతే

చాలాసార్లు మిగిలేది 45 రికార్డు ఒక్కటే. నాసిరకం వినైల్, అరిగిన గాడి, సరిగ్గా మధ్యలో పడని రంధ్రం. ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. గాడి కేంద్రం నుంచి 70 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు రంధ్రం ఒక్క మిల్లీమీటరు పక్కకు ఉంటే, సూది కింద వేగం 1.4 శాతం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక అర్ధస్వరానికి తేడా సుమారు 6 శాతం. అంటే 1.33 సెకన్లకోసారి శ్రుతి పావు అర్ధస్వరం పైకి పోయి, అంతే కిందికి దిగుతుంది. మెలోడికా అనే వాద్యం పలికే నిలకడైన స్వరంలో అయితే ఇది వెంటనే దొరికిపోతుంది. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, రికార్డును సూది కదలిక చూస్తూ కేంద్రానికి జరిపి వేయడమే దీనికి సరైన మందు.

అరిగిన గాడికీ ఉపాయం ఉంది. పాత సూది గాడి గోడను ఒకే ఎత్తులో అరగదీసి ఉంటుంది. కొంచెం పెద్ద లేదా చిన్న మొన ఉన్న సూది వాడితే అది గోడ మీద అరగని చోట ఆనుతుంది. నిపుణులు ఒకే రికార్డును వేర్వేరు సూదులతో, ఒకే పాటను వేర్వేరు ప్రతుల నుంచి విని మేలైనది ఎంచుకుంటారు.

ఆ తర్వాత కంప్యూటర్ శుద్ధి. డబ్‌కు అత్యంత ప్రమాదకరమైన ఘట్టం ఇదే. గీత వల్ల వచ్చే ‘టిక్’కు, స్నేర్ అంచు మీద పడే దెబ్బకు తరంగ రూపంలో పెద్ద తేడా ఉండదు. రెండూ ఒక్కసారిగా లేచి పడేవే. సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా వాడితే టిక్కుతో పాటు డ్రమ్ దెబ్బ పదును పోతుంది. ప్రతిధ్వని చివరి తోక టేపు హోరు మట్టానికి దిగిపోయి అందులో కలిసిపోతుంది. హోరును పూర్తిగా తీసేసే ఫిల్టరు ఆ తోకను కూడా కోసేస్తుంది. ఫలితంగా విశాలంగా ఉండాల్సిన చోట చచ్చిన నిశ్శబ్దం వస్తుంది. కాస్త హోరు ఉంచి దూరాన్ని కాపాడటమే తెలివైన పని.

గాడి కోయడం

శుద్ధి అయిన శబ్దాన్ని లాకర్ డిస్కు మీద కోయాలి. ఇక్కడ బాస్ మళ్లీ అడ్డం తిరుగుతుంది. సూది కదిలే వేగం ఒకటే అయితే, పౌనఃపున్యం తగ్గేకొద్దీ అది పక్కలకు ఊగే దూరం పెరుగుతుంది. సెకనుకు 5 సెంటీమీటర్ల గరిష్ఠ వేగంతో 1,000 హెర్ట్జ్ స్వరం కోస్తే గాడి 8 మైక్రాన్లు పక్కకు జరుగుతుంది. అదే వేగంతో 40 హెర్ట్జ్ కోస్తే 200 మైక్రాన్లు జరగాలి. ఎల్పీ మీద ఒక గాడి వరసకూ పక్క వరసకూ మధ్య దూరం సుమారు 100 మైక్రాన్లే. అంటే బాస్ కొట్టిన ప్రతిసారీ గాడి పక్క వరసను తెంచుకుని పోతుంది.

1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ ప్రమాణం దీనికి పరిష్కారం. కోసేటప్పుడు బాస్‌ను తగ్గిస్తారు, సన్నటి ధ్వనుల్ని పెంచుతారు. ఇంట్లో ఆంప్లిఫయర్‌లోని ఫోనో సర్క్యూట్ సరిగ్గా దానికి ఎదురు పని చేసి లెక్క సరిచేస్తుంది. 40 హెర్ట్జ్ దగ్గర ఈ తగ్గింపు సుమారు 18 డెసిబెల్స్. 200 మైక్రాన్ల ఊపు 26కు దిగుతుంది.

అయినా బాస్ చోటు అడుగుతూనే ఉంటుంది. 12 అంగుళాల డిస్కు మీద గాడులకు దొరికే వెడల్పు సుమారు 86 మిల్లీమీటర్లు. వరసకు 100 మైక్రాన్లయితే ఒక వైపు 25 నిమిషాలు పడుతుంది. బాస్ కోసం దాన్ని 140కి పెంచితే 18 నిమిషాలే. చక్కటి డబ్ సంకలనాలు ఒక ఎల్పీకి బదులు రెండు డిస్కుల మీద రావడానికి ముఖ్య కారణం ఇదే. ఎక్కువ పాటలు ఇరికించిన రికార్డులో పలచబడేది బాస్.

బాస్ రెండు చానళ్లలో ఎదురెదురు దశల్లో ఉంటే గాడి లోతు మారిపోయి సూది ఎగిరిపడుతుంది. చాలా డబ్ మోనోలోనే మిక్స్ అయింది కాబట్టి ఆ బెడద తక్కువ. డిస్కు లోపలి అంచు మాత్రం ఇబ్బంది పెడుతుంది. 33 ఆర్‌పీఎం ఎల్పీలో బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు పోతే, లోపల 21 మాత్రమే. 10,000 హెర్ట్జ్ తరంగం బయట 51 మైక్రాన్ల పొడవుంటే లోపల 21కి ముడుచుకుంటుంది. మామూలు గుండ్రటి సూది మొన వ్యాసార్ధమే 18 మైక్రాన్లు. ఆ మలుపుల్లోకి అది దిగలేదు. తాళాల మెరుపు ఎక్కువున్న పాటను ఆఖర్న పెట్టకపోవడం తెలివైన వరస.

కోసిన లాకర్ మీద వెండి పూత పూసి, నికెల్‌ను విద్యుత్ పద్ధతిలో పేర్చి, విడదీసి, దాన్నుంచి అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి పీవీసీ ముద్దను నొక్కితే రికార్డు తయారు. ఈ గొలుసు చాలా సన్ననిది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బానింగ్‌లో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయినప్పుడు, ప్రపంచానికి లాకర్ డిస్కులు సరఫరా చేసే చోటు జపాన్‌లో ఒక్కటే మిగిలింది.

అట్ట వెనక చదవండి

కింగ్ టబ్బీ 1989 ఫిబ్రవరిలో తన ఇంటి బయట తుపాకీ కాల్పులకు బలయ్యారు. బన్నీ లీ 2020లో, లీ పెర్రీ 2021లో కన్నుమూశారు. రెగేను యునెస్కో 2018లో మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవానికి అర్హులైన చాలామంది వాయిద్యకారుల పేర్లు పాత 45ల మీద అచ్చు కూడా కాలేదు. జమైకాకు ఆధునిక కాపీరైట్ చట్టం వచ్చింది 1993లో. అప్పటికి ఈ సంగీతంలో చాలా భాగం ఎన్నో చేతులు మారింది.

కాబట్టి పునర్ముద్రణ విలువను అట్ట మీది బొమ్మతో కాక వెనకవైపు రాతతో కొలవాలి. శబ్దం మాస్టర్ టేపు నుంచి తీశారా, రికార్డు నుంచి తీశారా? బాస్ ఎవరిది, డ్రమ్ములు ఎవరివి, బోర్డు ముందు ఎవరున్నారు? హక్కులు ఎవరి నుంచి తీసుకున్నారు? రికార్డు నుంచి తీసినట్టు నిజాయితీగా చెప్పిన సంకలనం, ఏమీ చెప్పని మెరిసే సంకలనం కన్నా ఎన్నో రెట్లు మేలు. పాత రెగే రికార్డు కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మూలం ఏమిటో, వాయించింది ఎవరో, డబ్బు ఎవరికి చేరుతుందో చెప్పని రికార్డును ఎంత చవకగా దొరికినా తీసుకోకండి. చెప్పినదాన్ని కొని, మంచి స్పీకర్ల మీద, బాస్ తగ్గించకుండా వినండి.